వైద్య సహాయం: బిల్లుల కాలం నుండి కార్డుల కాలం దాకా

పెద్ద జబ్బు చేస్తే మన పాకాల వారు ఒక రైలెక్కి తిరుపతికో, ఇంకో రైలెక్కి కాట్పాడిలో దిగి వేలూరు సి.ఎం.సి.కో పోవడం చాలాకాలంగా ఉన్నదే. తిరుపతిలో 1962లో రుయా, 1993లో స్విమ్స్ వచ్చాక వేలూరు ప్రయాణాలు కొంత తగ్గాయి. ఆసుపత్రికి దారి అందరికీ తెలుసు. ఖర్చు ఎవరు భరిస్తారు, అందుకు ఏ కాగితం కావాలి అన్నదే చాలామందికి తెలియదు.

రాష్ట్ర ప్రభుత్వోద్యోగులకు, పింఛనుదారులకు మొదటి ఆధారం 1972 నాటి వైద్య హాజరు నియమాలు. వీటి పద్ధతి ఒకటే: ముందు మన డబ్బు ఖర్చు పెట్టుకోవాలి, తర్వాత బిల్లు పెట్టి రాబట్టుకోవాలి. డిశ్చార్జి సమ్మరీ, అసలు బిల్లులు, డాక్టరు సంతకంతో ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్ జతచేసి గడువులోగా దాఖలు చేయాలి. చేతిలో డబ్బున్న వాడికే ఇది పనికివచ్చేది. లేని వాడు ముందు అప్పు చేయవలసిందే.

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలై, 2008 నాటికి రాష్ట్రమంతా విస్తరించింది. అది తెల్లకార్డు కుటుంబాలకు ఉద్దేశించినది. అయినా ఆ పథకం ఒక కొత్త పద్ధతి నేర్పింది. ఆసుపత్రిలోనే 'ఆరోగ్యమిత్ర' కూర్చుని, రోగి అర్హతను చూసి, అనుమతి తెప్పించి, నగదు లేకుండా చికిత్స జరిగేటట్లు చూస్తాడు. చదువురాని వారికి సైతం దారి చూపే మనిషి దొరికాడు.

అదే పద్ధతిని ఉద్యోగులకు, పింఛనుదారులకు వర్తింపజేస్తూ 2013 చివర ఎంప్లాయీస్ హెల్త్ స్కీం వచ్చింది. మొదట్లో హోదానుబట్టి నెలకు 90 లేక 120 రూపాయలు మన వాటా. ప్రభుత్వ వాటా 60 శాతం, మనది 40 శాతంగా లెక్కకట్టారు. తర్వాత ఆ చందా పెరిగింది.

మన జంక్షను ఊరిలో రైల్వే పింఛనుదారులూ తక్కువేమీ కాదు. వారికి 1997 నాటి ఆర్.ఇ.ఎల్.హెచ్.ఎస్. వేరు. పదవీ విరమణ వేళ ఒకేసారి చందా కట్టి చేరాలి. చేరకుండా వదిలేసినవారు బోర్డు మళ్లీ అవకాశమిచ్చేదాకా ఆగవలసి వచ్చింది.

ఈ చరిత్రలో మనం గమనించవలసింది ఒకటుంది. పూర్వం కష్టమంతా చికిత్స తర్వాత, బిల్లుల దగ్గర ఉండేది. ఇప్పుడు అది చికిత్సకు ముందుకు జరిగి, పేరు నమోదు దగ్గర కూర్చుంది. ముప్పై ఏళ్లు సర్వీసు చేసినా, కార్డులో భార్య పేరు లేకపోయినా, ఆధార్‌లో పుట్టిన తేదీ ఒకటి, సర్వీసు రికార్డులో మరొకటి ఉన్నా ఆసుపత్రి కౌంటరు దగ్గర చిక్కు తప్పదు. భర్త పోయిన తర్వాత కుటుంబ పింఛను తీసుకునే అమ్మకు ఈ చిక్కు మరీ ఎక్కువ. ఆమె అర్హురాలే. ఆ అర్హత ఆమె పేరిట నమోదై ఉండాలి.

2024 అక్టోబరు 29న కేంద్రం 70 ఏళ్లు దాటిన వారందరికీ, ఆదాయంతో పని లేకుండా, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల ఆయుష్మాన్ రక్షణ ప్రారంభించింది. దానికీ ఆధార్‌తో నమోదే మొదటి మెట్టు.

కాబట్టి సభ్యులకు మనవి. పింఛను పుస్తకం దాచినంత భద్రంగా హెల్త్ కార్డునూ దాచండి. ఆరోగ్యంగా ఉన్నప్పుడే దాన్ని బయటికి తీసి, ఇంట్లో అందరి పేర్లూ, తేదీలూ సరిచూడండి. మీకు తెలిసిన పని పక్కింటి పింఛనుదారుకు కూడా చేసిపెట్టండి.