ఇంటి పట్టా వచ్చింది, పాకకు చోటేది?

జి. కొండూరు నుంచి మైలవరం మీదుగా నూజివీడు వైపు వెళితే ఎక్కడ చూసినా మామిడి తోటలే. ఈ తోటల వెనుక మన వాళ్ల కష్టం ఉంది. యానాదులు తోట కాపలాకు, ఎరుకలవారు గంప అల్లకానికి, పందుల పెంపకానికి, సుగాలీలు పశువుల పెంపకానికి పేరుపడ్డవారు. ఈ పనుల్లో ఏదీ నాలుగు గోడల గదిలో సాగేది కాదు. గంపలు అల్లడానికి నీడ కావాలి. మేకకు, పందికి కొట్టం కావాలి. కాపలా మనిషికి తోటలోనే తల దాచుకునే చోటు కావాలి. మన బతుకు ఇంట్లో కంటే పాకలోనే ఎక్కువ గడిచింది. అందుకే ఆ పాక చరిత్రను మన పిల్లలకు చెప్పాలనుకుంటున్నాం.

ఇల్లు కట్టుకోవాలంటే పంచాయతీ అనుమతి కావాలని ఈ రోజు అందరికీ తెలుసు. కానీ మన జాతులకు అనుమతి కాగితం మొదట ఇంటి మీద రాలేదు, మనిషి మీద వచ్చింది. 1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ వర్తించింది. ఆ జాబితాకెక్కిన మనిషి ఎక్కడ ఉంటున్నాడో చెప్పాలి, చోటు మారితే చెప్పాలి, పిలిచినప్పుడు హాజరు వేయించుకోవాలి. 1913 ప్రాంతంలో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం, కృష్ణ ఒడ్డున సీతానగరం వంటి సెటిల్మెంట్లు పుట్టాయి. గుడిసె ఎక్కడ వేయాలో అక్కడి అధికారే చెప్పేవాడు. ఆ చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది. ఆంధ్ర ప్రాంతపు ఎరుకల, యానాది, సుగాలి కులాలు 1956 నాటి షెడ్యూల్డు తెగల జాబితాలో ఉన్నాయి.

మనిషికి స్వేచ్ఛ వచ్చింది కానీ నేల రాలేదు. ఊళ్లో పాతకాలం నుంచి ఇళ్లు కట్టుకున్న చోటు గ్రామకంఠం. మన పేటలు చాలావరకు దాని బయట వెలిశాయి: వాగు పక్కన, చెరువు గట్టున, డొంక వెంట. అది పోరంబోకు. 1905 నాటి భూ ఆక్రమణ చట్టం ప్రకారం అక్కడ పాక వేస్తే నోటీసు, జరిమానా, ఆపైన తొలగింపు. ఆ నోటీసునే మన పెద్దలు బి మెమో అన్నారు. విచిత్రమేమిటంటే, జరిమానా కట్టిన ఆ రశీదులనే వాళ్లు ట్రంకుపెట్టెల్లో దాచుకున్నారు. తాము అక్కడ ఉన్నామని చెప్పే కాగితం వాళ్లకు అదొక్కటే.

తర్వాత కట్టడాల నిబంధనలు వచ్చాయి. 1964 గ్రామ పంచాయతీల చట్టం, 1994 పంచాయతీరాజ్ చట్టం, 2002లో జీవో 67 కింద లేఅవుట్లకు, భవనాలకు నియమాలు వచ్చాయి. 2014 డిసెంబరులో రాజధాని ప్రాంత ప్రాధికార సంస్థ, అంటే సీఆర్‌డీఏ ఏర్పడింది. జి. కొండూరు మండలం ఆ పరిధిలోకి వెళ్లింది. ఏ నేల ఇళ్లకు, ఏ నేల సాగుకు అని జోన్లు గీసే అధికారం అప్పటి నుంచి ఆ సంస్థది. మనది షెడ్యూల్డు ఏరియా కాదు. 1/70 చట్టం, పెసా ఇక్కడ లేవు. కాబట్టి మన పాక సంగతి తేలేది ఈ మామూలు నియమాల్లోనే.

నియమాలన్నీ చెడ్డవని మనం అనకూడదు. తాటాకు పాకలు ఆనుకుని ఉంటే ఎండాకాలంలో ఒక నిప్పురవ్వకు పేట మొత్తం పోతుంది. 1999లో మన రాష్ట్రంలో మెదడువాపు వ్యాధి ఎందరో పిల్లలను పొట్టన పెట్టుకుంది. ఆ వైరస్ పందిలో పెరిగి దోమ ద్వారా మనిషికి చేరుతుంది. పందుల పాక ఇంటికి దూరంగా ఉండాలనడం న్యాయమే. అయితే దూరంగా పెట్టమన్నవాళ్లు ఆ దూరంలో చోటు చూపించాలి కదా?

లెక్క చూద్దాం. 2020 డిసెంబరులో మొదలైన పేదలందరికీ ఇళ్లు పథకంలో పల్లెల్లో ఇచ్చింది సెంటున్నర. అంటే సుమారు 650 చదరపు అడుగులు. అందులో ఇల్లు 340 అడుగులు. మిగిలిన 310 అడుగుల్లోనే వాకిలి, స్నానాల గది, నీళ్ల తొట్టి, నడిచే దారి. మేకల పాక ఎక్కడ వేయాలి? మరోవైపు 2014 జనవరిలో సవరించిన ఉపాధి హామీ షెడ్యూలు చూడండి. షెడ్యూల్డు తెగలకు, సంచార, విముక్త జాతులకు మేకల పాక, పందుల పాక, కోళ్ల పాక కట్టించవచ్చని అందులో రాశారు. పాకకు డబ్బు ఇచ్చే చట్టం ఒకటి, పాకకు చోటే మిగల్చని పట్టా మరొకటి. ఈ రెంటి మధ్య నలిగేది మన కుటుంబమే. 2024లో వచ్చిన ప్రభుత్వం పల్లెల్లో మూడు సెంట్లు ఇస్తామన్నది. ఆ పెరిగిన చోటులో పాకకు వాటా ఉండాలని అడగాల్సింది ఇప్పుడే.

తోటలో కాపలా పాకది ఇంకో కథ. కాగితాల్లో అది తోటకు అనుబంధం, పనిముట్ల గది లాంటిది. అందులో ఏళ్ల తరబడి కాపురం చేసే కుటుంబానికి మాత్రం అదే ఇల్లు. ఆ ఇంటికి సొంత పట్టా ఉండదు. తోట చేతులు మారితే కొత్త యజమాని మాటే చట్టం.

నియమాలు మారవని అనుకోవద్దు. తెలంగాణ పట్టణాల్లో 2020 చట్టంతో 75 చదరపు గజాల లోపు చిన్న ఇంటికి అనుమతి అక్కరలేదన్నారు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలన్నారు. చిన్నవాడికి చిన్న నియమం పెట్టవచ్చని దానితో తేలింది.

మన ఉపాధ్యాయులకు ఒక మనవి. కొలతల పాఠం చెప్పేటప్పుడు పిల్లల చేత వాళ్ల పేట పటం గీయించండి. ఇల్లే కాదు, ప్రతి పాకనూ టేపుతో కొలిచి రాయించండి: దేనికి వాడుతున్నారు, ఎన్నేళ్లుగా ఉంది, బావికి ఎంత దూరం. యువకులు ఆ పటం తీసుకుని గ్రామసభకు వెళ్లాలి. రెండు కోరికలు పెట్టాలి: కొత్త స్థలాల్లో పాకకు జాగా, లేదంటే పేట చివర అందరికీ కలిపి పశువుల పాకల స్థలం. తోట పాకల్లో ఉండే కుటుంబాల పేర్లు ఇళ్ల స్థలాల జాబితాలో ముందు రాయించాలి. నోటిమాటతో సరిపెట్టుకోవద్దు. తీర్మానం పుస్తకంలో రాయించి, నకలు తీసుకునే ఇంటికి రావాలి.