నదికీ ఒక హద్దు ఉంది: ఫిఖ్హ్ గ్రంథాల హరీమ్, మూసీ తీరపు చరిత్ర

హిజ్రీ 1326 సంవత్సరం, రమజాన్ మాసపు తొలి దినాలు. క్రీస్తు శకం ప్రకారం 1908 సెప్టెంబరు 28. ఆనాడు హైదరాబాదు నగరం మధ్యగా ప్రవహించే మూసీ నది తన గట్లు దాటింది. అఫ్జల్‌గంజ్ వంతెన, ముసల్లంజంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన తెగిపోయాయి. 1578లో కుతుబ్‌షాహీల కాలంలో కట్టిన పురానాపూల్ మాత్రం నిలిచింది. మరణించినవారు సుమారు 15,000 మంది అని అంచనా. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. రుబాయీలకు పేరుపొందిన ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ ఒక్క వరదలో తల్లిని, భార్యను, కుమార్తెను పోగొట్టుకొని తానొక్కడే మిగిలారు.

ఈ విపత్తును దైవనిర్ణయమని తలచి ఓర్పు వహించటం విశ్వాసి లక్షణమే. అయితే, నది ప్రవహించే చోట ఇల్లు కట్టుకోవటం మానవుని నిర్ణయం. ఈ రెండింటినీ కలిపివేయకూడదు. నీటి దారిలో కట్టడాల విషయంలో మన న్యాయవేత్తలు ఏమన్నారో, మన నగరం ఏం చేసిందో పోల్చి చూడటమే ఈ వ్యాస ఉద్దేశం.

ఇస్లామీ న్యాయశాస్త్రంలో ‘హరీమ్’ అనే మాట ఉంది. ‘హరామ్’, ‘హరమ్’ పదాలు పుట్టిన ధాతువు నుండే ఇదీ పుట్టింది. ఒక బావికి గాని, ఊటకు గాని, నదికి గాని దాని ఉపయోగం చెడకుండా చుట్టూ విడిచిపెట్టవలసిన భూమిని హరీమ్ అంటారు. బావి త్రవ్వినవానికి దాని చుట్టూ నలభై మూరల స్థలం, పశువులు విశ్రమించటానికి, ఉంటుందని ప్రవక్త (స) వారి హదీసు తెలుపుతుంది. అంటే బావి అనగా కేవలం గొయ్యి కాదు. దాని చుట్టూ ఉన్న ఖాళీ కూడా బావిలో భాగమే.

నదుల సంగతికి వస్తే హనఫీ ఇమాములలో ప్రసిద్ధమైన చర్చ ఒకటి ఉంది. ఒకరి భూమి గుండా మరొకరి కాలువ పోతున్నప్పుడు ఆ కాలువకు హరీమ్ ఉంటుందా? సాక్ష్యం చూపితే తప్ప ఉండదని ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) అన్నారు. ఆయన శిష్యులిద్దరూ ఒప్పుకోలేదు. గట్టు మీద నడవకుండా, పూడిక తీసి గట్టున వేయకుండా కాలువ ఎలా బ్రతుకుతుందని వారి వాదన. ఆ గట్టు ఎంత ఉండాలన్న దగ్గర శిష్యులు కూడా విడిపోయారు. కాలువ వెడల్పులో సగం చొప్పున రెండు ప్రక్కలా చాలునని ఇమామ్ అబూ యూసుఫ్, వెడల్పు మొత్తం ఒక్కొక్క ప్రక్కన విడవాలని ఇమామ్ ముహమ్మద్ చెప్పారు. ‘హిదాయా’లో ఈ మూడు అభిప్రాయాలూ ఉన్నాయి. పందొమ్మిదవ శతాబ్దంలో ఉస్మానీ ప్రభుత్వం ‘మజల్లా’ అనే న్యాయస్మృతిని కూర్చినప్పుడు పెద్ద నదులకు ఇరువైపులా సగం వెడల్పు చొప్పున హరీమ్‌ను స్వీకరించింది.

ఈ కొలతలు ప్రధానంగా కాలువల నిర్వహణకోసం ఏర్పడినవే గాని వరద లెక్కలు కట్టి వేసినవి కావు. అయినప్పటికీ వీటి వెనుకనున్న సూత్రం గమనించదగినది. నీటికి ఎంత చోటు కావాలన్న ప్రశ్నకు నీటి అవసరాన్ని బట్టి సమాధానం వెదికారు గాని, గట్టున ఉన్నవాని కోరికను బట్టి కాదు.

వరదకు మరింత దగ్గరైన ప్రస్తావన అబూ యూసుఫ్ వారి ‘కితాబుల్ ఖరాజ్’లో ఉన్నది. ఖలీఫా హారూన్ రషీద్ కోరికపై వ్రాసిన ఆ గ్రంథంలో, దిజ్లా, ఫురాత్ నదులలో నీరు తగ్గినప్పుడు బయటపడే భూములను గురించి ఆయన చర్చించారు. అటువంటి భూమికి గట్టు వేసి సేద్యం చేసుకోవచ్చును, కాని దానివల్ల ఇతరులకు హాని కలుగుతుందంటే అనుమతి లేదు. కొన్ని శతాబ్దాల తరువాత, నైలు నదిలోని రౌజా ద్వీపంలో నివసించిన ఇమామ్ జలాలుద్దీన్ సుయూతీ (మరణం 1505) నదీతీరంలోకి చొచ్చుకొనివచ్చే కట్టడాలను నిషేధించటం గురించి ప్రత్యేకంగా ఒక చిన్న గ్రంథమే వ్రాశారు. వరద ఎరిగిన ఊళ్ళలో ఈ ప్రశ్న ఊహాజనితం కాదు. మక్కా నగరమే అందుకు సాక్షి. హిజ్రీ 17లో వచ్చిన వరద మఖామె ఇబ్రాహీంను తొలగించివేయగా, హజ్రత్ ఉమర్ (రజి) దానిని తిరిగి యథాస్థానంలో ఉంచటంతో ఊరుకోలేదు. నగరపు ఎగువ భాగాన వరద నీటికి అడ్డుకట్ట కట్టించారు.

ఇక హైదరాబాదుకు తిరిగి వద్దాం. వరద తరువాత నిజాం ప్రభుత్వం ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. పరీవాహక ప్రాంతంలోని 788 చెరువులలో 221 తెగిపోయాయని ఆయన లెక్క తేల్చారు. ఎగువన చెరువులు తెగితే దిగువన నగరం మునిగింది. ఆయన సూచనల ఫలితంగా మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ నదిపై హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయినాయి. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1912లో నగరాభివృద్ధి మండలిని నెలకొల్పారు. నది ఒడ్డు ఎత్తు చేసి గోడలు కట్టారు, ఉద్యానవనాలు వేశారు, ఇరుకు పేటలను తొలగించినప్పుడు కొత్త ఇండ్లు కట్టించి అద్దెకిచ్చారు. ఇది ఇంజనీర్ల నిర్ణయమే గాని ముఫ్తీల ఫత్వా కాదు. అయినా రెండు దారులూ ఒకే చోటికి చేరాయి: ముందు నీటికి చోటు, ఆ తరువాతే మనిషికి ఇల్లు.

మన రెవెన్యూ భాషలోని ఒక మాట కూడా ఇదే చెబుతుంది. చెరువు నీరు నిలిచే భూమిని తెలంగాణలో ‘శికం’ అంటారు. పారశీకంలో శికం అంటే పొట్ట. చెరువు పొట్ట నిండినప్పుడు అది నీటిది. నీరు తగ్గినప్పుడు రైతు పంట వేసుకోవచ్చును, కాని ఇల్లు కట్టరాదు. దిజ్లా నదీతీర భూముల విషయంలో అబూ యూసుఫ్ గీసిన గీతకు ఇది ఎంత దగ్గరగా ఉన్నదో పాఠకులే గ్రహించగలరు.

తరువాతి కాలంలోనూ నియమాలకు కొరత లేదు. 1996 మార్చి 8న వెలువడిన 111వ నంబరు జీవో జంట జలాశయాల నిండు నీటిమట్టం నుండి 10 కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాలలో, నిర్మాణాలను కట్టడి చేసింది. 2022లో ఆ కట్టడిని సడలించారు. 2012 నాటి భవన నిర్మాణ నియమాలు నగర పరిధిలో నది హద్దు నుండి 50 మీటర్లు, 10 హెక్టార్లు లేక అంతకు మించిన చెరువుల నిండు నీటిమట్టం నుండి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువుల నుండి 9 మీటర్లు విడవాలన్నాయి. ఇవి హరీమ్‌కు నేటి రూపాలే.

కాగితం మీద హద్దు ఉన్నది. నేల మీద ప్లాట్లు వెలిశాయి. 2000 ఆగస్టు 24న ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన కురిసి పల్లపు బస్తీలు మునిగాయి. 2020 అక్టోబరులో బాలాపూర్ వద్ద గుర్రం చెరువు కట్ట తెగి హాఫిజ్‌బాబానగర్ మొదలైన పేటలలోకి నీరు చొరబడింది. 2025 సెప్టెంబరు చివరి వారంలో జలాశయాల గేట్లు ఎత్తగా, మూసీ నీరు చాదర్‌ఘాట్ ప్రాంతపు ఇండ్లలోకి, మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి వచ్చింది. 1908లో మునిగిన ప్రాంతమే అది.

ఈ దశలో సాధారణంగా వినవచ్చే మాట ఒకటి: ‘నదిలో ఇల్లు కట్టుకున్నవానిదే తప్పు.’ 2024లో మూసీ ఒడ్డున ఇండ్లకు గుర్తులు వేసి తొలగింపు ప్రారంభించినప్పుడు కూడా ఇదే మాట వినిపించింది. కాని షరీఅత్ దృష్టి ఇంతటితో ఆగదు. అమ్మే వస్తువులోని లోపాన్ని కొనేవానికి తెలుపకుండా అమ్మటం ధర్మసమ్మతం కాదని ప్రవక్త (స) బోధించారు. లోపం దాచిపెట్టి అమ్మితే సరుకు తిప్పి ఇచ్చే హక్కు కొనుగోలుదారునికి ఉన్నదని ఫుఖహాలు తీర్మానించారు. చెరువు పొట్టను కొలిచి ప్లాట్లుగా అమ్మినవాడు దాచినంత పెద్ద లోపం మరేదైనా ఉన్నదా? గల్ఫ్‌లో పదేళ్ళు చెమటోడ్చి పంపిన సొమ్ముతో ఆ ప్లాటు కొన్న కుటుంబానికి, దానిని శికం అని తెలిసీ అమ్మినవానికి ఒకే శిక్ష న్యాయమవుతుందా? హాని చేయరాదన్న సూత్రం నదిని ఆక్రమించటానికి ఎంత వర్తిస్తుందో, ప్రత్యామ్నాయం చూపకుండా పేదవాని గోడ కూల్చటానికీ అంతే వర్తిస్తుంది. నగరాభివృద్ధి మండలి పేటలు తొలగించటంతో పాటు ఇండ్లు కట్టించిన సంగతి మరువరాదు.

కనుక మన మొహల్లాలలో చేయదగిన పని ఒకటున్నది. స్థలం కొనేముందు బేరం, దస్తావేజు చూసినట్లే, అది శికమా, నాలా హద్దులో ఉన్నదా, చెరువు నిండు నీటిమట్టం ఎంతవరకు వస్తుంది అని రెవెన్యూ పటాలు తెచ్చి చూడాలి. చదువుకున్నవారు చదువురానివారికి చూసిపెట్టాలి. మస్జిద్ కమిటీలు ఈ సహాయాన్ని తమ బాధ్యతగా తీసుకోవాలి. మస్జిద్‌కో, మదరసాకో స్థలం చూసేటప్పుడు ముందుగా తామే ఈ నియమం పాటించాలి. ఇరుగుపొరుగువారి ఇండ్లలోకి నీటిని మళ్ళించే కట్టడం ఎంత పవిత్రమైన ఉద్దేశంతో కట్టినా హాని హానియే.

నది తన హరీమ్‌ను మరచిపోదు. మరచిపోయేది మనమే.