బస్టాండు నుంచి ఫోన్ తెర దాకా

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతంలో మగవాళ్లను ఇష్టపడే మగవాళ్ల పరిచయాలు చాలాకాలం చోటును పట్టుకునే నడిచాయి. బస్టాండు, రైల్వే స్టేషను, సెకండ్ షో వదిలిన సినిమా హాలు, చీకటి పడ్డ పార్కు ఆ చోట్లు. ఆడపోకడ దాచుకోకుండా తిరిగేవాళ్లు తమను కోతి అని, తాము కోరుకునే మగవాణ్ణి పంతి అని చెప్పుకునేవారు. పంతికి తనకంటూ ఏ పేరూ అక్కర్లేదు. పెళ్లాం పిల్లలతో అతని సంసారం మామూలుగానే సాగేది.

చట్టం మాత్రం వీళ్లను ముందే పట్టించుకుంది. నిజాం ప్రభుత్వం 1919లో తెచ్చిన చట్టం నపుంసకులకు రిజిస్టరు పెట్టింది. అందులో పేరున్నవాళ్లు వీధిలో ఆడవేషంతో కనబడితే వారంటు లేకుండా పట్టుకునే వీలుండేది. దాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో కొట్టేసింది. బ్రిటిష్‌వాళ్ల శిక్షాస్మృతి, దానిలో మగవాళ్ల మధ్య సంబంధాన్ని నేరంగా చూసిన 377 సెక్షన్ 1951లో హైదరాబాద్ రాష్ట్రానికి వచ్చాయి. ఇదంతా ఒకవైపు ఉండగానే, వేములవాడలో శ్రీరామనవమి నాడు శివపార్వతులనే భక్తులు త్రిశూలం పట్టుకుని, తలంబ్రాలు పోసుకుని అక్కడి దేవుడు రాజన్నను పెళ్లాడతారు. వాళ్లలో హిజ్రాలూ ఉంటారు. దేవుడి పేర ఆడవేషానికైనా ఆ మాత్రం చోటు దొరికింది. ప్యాంటూ చొక్కాతోనే ఉండి మగవాణ్ణి కోరుకునేవాడికి అదీ లేదు.

2003 తర్వాత గేట్స్ ఫౌండేషన్ వారి ఎయిడ్స్ నివారణ కార్యక్రమం ఆవాహన్, దానితోపాటు ప్రభుత్వ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమాలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి చోట్లను వెతికి పట్టికలు వేయించాయి. కోతీల్లోంచే కార్యకర్తలను తీసుకుని కండోములు పంచాయి. రోగం కోసం చేసిన లెక్క అయినా, ఈ చోట్ల గురించి కాగితం మీద మిగిలింది చాలావరకు అదే.

ఇంటర్నెట్ మొదట నెట్ కేఫ్ క్యాబిన్లలోకి వచ్చింది. యాహూ చాట్, బెర్లిన్‌లో 2002లో పుట్టిన ప్లానెట్‌రోమియో సైటు అప్పటివి. మగవాళ్లు మగవాళ్లను వెతుక్కునే యాప్ గ్రైండర్ 2009లోనే మొదలైనా, ఈ జిల్లాల ఊళ్లకు అసలు మార్పు తెచ్చింది 2016 సెప్టెంబరులో వచ్చిన జియో చౌక డేటా అనుకోవాలి. గ్రైండర్ మనుషులను దూరం వరసలో పేరుస్తుంది. హైదరాబాద్‌లో ఆ వరస కొద్ది కిలోమీటర్లలోనే నిండిపోతుంది. కరీంనగర్‌లో కొందరిని దాటగానే అంకె గెంతుతుంది: వరంగల్ 70 కిలోమీటర్లు, హైదరాబాద్ దాదాపు 135. ఆదిలాబాద్‌వాడికైతే హైదరాబాద్ కంటే మహారాష్ట్రలోని యవత్మాల్, చంద్రాపూర్లే దగ్గర.

ఆ తెర మీద ముఖాలు తక్కువ. మెడ కిందనుంచి తీసిన ఫోటో, లేకుంటే బైకో చెట్టో. మూడు చోట్ల నుంచి దూరం కొలిస్తే మనిషి ఎక్కడున్నాడో తేలిపోతుందని 2014లో బయటపడింది. చిన్న ఊళ్లో అంత లెక్క కూడా అక్కర్లేదు, 400 మీటర్లంటే ఏ వాడకట్టో తెలిసిపోతుంది. దొంగ ప్రొఫైల్‌తో పిలిపించి, ఫోటోలు తీసి, ఇంట్లో చెప్తామని డబ్బు గుంజే ముఠాలు దేశమంతటా తయారయ్యాయి. 377 ఉన్నన్నాళ్లు పోలీసుల దగ్గరికి వెళ్లడమంటే తన నేరం తానే ఒప్పుకోవడం. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఆ భయం తీసేసింది. ఇంట్లోవాళ్ల భయం, పెళ్లి సంబంధాల భయం అలాగే ఉన్నాయి.

మనిషి తనను తాను చూసుకునే తీరు కూడా మారింది. యాప్ వయసు, ఎత్తు, బరువు అడుగుతుంది, టాపా బాటమా అనీ అడుగుతుంది. వాటిని నింపేవాడు, పెళ్లయినవాడైనా, తనకు ఒక పేరు పెట్టుకోక తప్పదు. పంతికి ఎన్నడూ లేని అవసరం అది. గే అనే మాట ఊళ్ల దాకా చేరిన దారుల్లో ఇదీ ఒకటి. నష్టపోయింది కోతీలు. బస్టాండులో నలుగురినీ కలిపినవాళ్లు వాళ్లే. ఇప్పుడు ఆడపోకడ ఉన్నవాళ్లు వద్దని ప్రొఫైల్‌లోనే రాసేవాళ్లు ఎక్కువయ్యారు. ఇక్కడివాళ్లు వేలల్లో వలసపోయే గల్ఫ్‌లో కథ మళ్లీ మొదటికి వస్తుంది. అక్కడ చాలా దేశాల్లో ఈ సంబంధం నేరం, యూఏఈలో గ్రైండర్‌కు అడ్డుకట్ట ఉంది.

యాప్ పరిచయాలన్నీ ఒక రాత్రితో పోయేవి కావు. హైదరాబాద్ జంట సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ డేటింగ్ యాప్‌లోనే కలుసుకున్నారు. 2021 డిసెంబరులో బంధుమిత్రుల మధ్య వేడుక చేసుకుని, తమ పెళ్లిని చట్టం గుర్తించాలని మరుసటి ఏడాది సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2023 అక్టోబరు 17న కోర్టు కుదరదంది. రివ్యూ పిటిషన్లను 2025 జనవరిలో తోసిపుచ్చింది.