శాసనాల కాలక్రమం: లెక్కకట్టిన కాలమ్ ఆధారంగా పట్టికను అమర్చడం

ప్రస్తావన

కాకతీయుల చరిత్రకు ప్రధాన ఆధారాలు శాసనాలు. అయితే అవన్నీ ఒకే సంవత్సరమానంలో లేవు. ఓరుగల్లుకు సంబంధించిన ఆధారాలను మీరు స్ప్రెడ్‌షీట్‌లో నమోదు చేస్తే ఒకే కాలమ్‌లో మూడు రకాల సంవత్సరాలు చేరుతాయి. వాటిని క్రీస్తుశకంలోకి మార్చి, ఆ ఫలితాన్ని బట్టి కాలక్రమంలో అమర్చడం ఈ భాగంలో నేర్చుకొంటారు.

ఉదాహరణ

ఈ అయిదు ఆధారాలను గమనించండి.

1. హనుమకొండ పద్మాక్షి గుట్ట శాసనం: చాళుక్య విక్రమ వర్షం 42
2. ఓరుగల్లు పతనం: హిజ్రీ 723
3. వేయిస్తంభాల గుడి శాసనం: శకవర్షం 1084
4. రామప్ప గుడి శాసనం: శకవర్షం 1135
5. చందుపట్ల శాసనం: శకవర్షం 1211

ఇక్కడ అంకెలు చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసగానే ఉన్నాయి. కాని చరిత్ర తలకిందులయింది. రుద్రదేవుడు వేయిస్తంభాల గుడి కట్టించకముందే ఓరుగల్లు ఢిల్లీ సైన్యానికి లొంగిపోయినట్లు కనిపిస్తుంది.

లెక్కించే పద్ధతి

సంవత్సరమానం పేరును ఒక కాలమ్‌లో, సంఖ్యను మరో కాలమ్‌లో రాయండి. రెండూ ఒకే గడిలో రాస్తే స్ప్రెడ్‌షీట్ దాన్ని సంఖ్యగా గుర్తించదు. తర్వాత 'క్రీ.శ.' అనే కొత్త కాలమ్‌లో ఇఫ్ ఫార్ములా ఇవ్వండి. శకవర్షానికి 78, చాళుక్య విక్రమ వర్షానికి 1075 కలపాలి. హిజ్రీ చాంద్రమాన సంవత్సరం చిన్నది కాబట్టి దాన్ని 0.97తో గుణించి 622 కలపాలి. ఫలితాలు వరుసగా 1117, 1323.31, 1162, 1213, 1289.

ఇప్పుడు పట్టిక మొత్తాన్ని ఎంచుకొని, 'క్రీ.శ.' కాలమ్ ఆధారంగా సార్ట్ చేయండి. ఓరుగల్లు పతనం చివరి వరుసకు చేరుతుంది. ఆ ఒక్క కాలమ్‌నే ఎంచుకొంటే ఫార్ములాలు తాము చేరిన వరుసలోని అంకెలనే మళ్లీ లెక్కిస్తాయి, క్రమం మారదు. 'ముందరి శాసనం తర్వాత ఎన్నేళ్లకు' వంటి లెక్క పై వరుసపై ఆధారపడుతుంది కాబట్టి, దాన్ని సార్ట్ చేసిన తర్వాతే వేయండి.

చరిత్ర విద్యార్థి గమనించవలసినవి

ఫార్ములా ఇచ్చేది సుమారు సంవత్సరమే. శకవర్షం చైత్రంతో మొదలవుతుంది. వేయిస్తంభాల గుడి శాసనం మాఘమాసానిది. దాని అసలు తేదీ 1163 జనవరి 19. లెక్కలో వచ్చిన 1162ను తిథి చూసి సవరించాలి.

ఒక్కొక్క తేదీ పాలనాకాలాన్నే మార్చగలదు. రుద్రమదేవి 1295 వరకు పాలించిందని చరిత్రకారులు భావించేవారు. ఆమె శివలోకప్రాప్తిని తెలిపే చందుపట్ల శాసనం వెలుగులోకి వచ్చాక 1289 నవంబరు నాటికే ఆమె మరణించిందని తేలింది.

క్రీ.శ. సంవత్సరం వచ్చింది కదా అని మూల కాలమ్‌ను తొలగించకండి. రెండో ప్రోలరాజు కాలపు శాసనం చాళుక్య విక్రమ వర్షాన్ని వాడటం కల్యాణి చాళుక్యుల అధికారానికి గుర్తు. స్వాతంత్ర్యాన్ని చాటిన రుద్రదేవుని శాసనంలో శకవర్షం ఉంది. సంవత్సరమానం కూడా చారిత్రక సాక్ష్యమే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

గణపతిదేవుని మోటుపల్లి శాసనాన్ని (శకవర్షం 1166) పట్టికలో చేర్చి మళ్లీ సార్ట్ చేయండి. అది ఏ రెండు శాసనాల మధ్యకు చేరింది?