మగవేషపు నాయిక: రుద్రమదేవి కథలు

తెలుగు చారిత్రక ప్రేమకథల్లో మగవేషంలో పెరిగి, ఆ వేషం చాటునే మనసిచ్చిన నాయిక అనగానే గుర్తొచ్చేది రుద్రమదేవి. 13వ శతాబ్దంలో ఓరుగల్లు నుంచి కాకతీయ రాజ్యాన్ని ఏలిన ఈ రాణి మీద నవలలు, నాటకాలు, సినిమాలు వచ్చాయి. శాసనాలు ఆమెను మగపేరుతో పిలిచాయి. మగవేషం మాత్రం కథకులు తొడిగారు. ఈ కథల్లో పేరున్న వీరుడు గోన గన్నారెడ్డిది పాలమూరు నేల. అతని పేరు చెక్కిన శిలాశాసనం మక్తల్ నుంచి కృష్ణ దాటితే వచ్చే రాయచూరు కోటలో ఉంది.

శాసనాల్లో రుద్రదేవుడు

గణపతిదేవుడికి కొడుకులు లేరు. కూతుళ్లలో గణపాంబను కోట బేతరాజుకిచ్చి పంపి, రుద్రమను వారసురాలిగా నిలిపాడు. 1262 ప్రాంతం నుంచి పాలన ఆమె చేతికి వచ్చింది. 1261 నాటి మల్కాపురం శాసనం వంటివి ఆమెను ‘రుద్రదేవ’ అన్న మగపేరుతోనే పిలుస్తాయి. కూతురికి తండ్రే ఆ పేరు పెట్టాడని విద్యానాథుడి ‘ప్రతాపరుద్రీయం’ చెబుతుంది. సింహాసనం మగవాడిదన్న కాలంలో రాజుకు తగిన పేరూ బిరుదులూ అలా ఆమెకు దక్కాయి.

ఓరుగల్లు కోటలోని శిల్పం మాట వేరు. ‘రాయగజకేసరి’ బిరుదుకు తగ్గట్టు సింహం మీద కూర్చుని ఆయుధం పట్టిన ఆ మూర్తి స్త్రీదే. ఆమె భర్త నిడదవోలు చాళుక్య వీరభద్రుడు. కూతురు ముమ్మడమ్మ కొడుకైన ప్రతాపరుద్రుడు తర్వాత రాజయ్యాడు. నల్లగొండ జిల్లా చందుపట్లలో 1289 నవంబరు నాటి శాసనం రుద్రమ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు మరణించిన సంగతి తెలుపుతుంది.

ఢిల్లీలో 1236–40 మధ్య ఏలిన రజియా సుల్తానా ఆడవేషం వదిలి మగవారి దుస్తుల్లో కొలువుకు వచ్చినట్టు ఆ కాలపు చరిత్రకారుడు మిన్హాజ్ రాశాడు. రుద్రమ గురించి శాసనాలు చెప్పేది మాత్రం పేరు సంగతే. మార్కోపోలో ఆమెను రాజు భార్య అనుకున్నాడు. తర్వాతి కాలపు ‘ప్రతాపచరిత్ర’ కూడా ఆమె గణపతిదేవుడి భార్య అనే చెప్పింది.

గోనవారి పాలమూరు

కాకతీయులకు సామంతులైన గోనవారి రాజధాని వర్ధమానపురం, అంటే నేటి నాగర్‌కర్నూల్ జిల్లా బిజినేపల్లి మండలంలోని నంది వడ్డెమాన్. ద్విపదలో ‘రంగనాథ రామాయణం’ చెప్పిన గోన బుద్ధారెడ్డి ఈ వంశం వాడే. ఆ ఇంటి ఆడపడుచు కుప్పాంబిక, తన భర్త మల్యాల గుండయ పేర గుడి కట్టించి, 1276లో బూదపూరులో (నేటి భూత్పూర్) శాసనం వేయించింది. ఓరుగల్లులో రాణి ‘రుద్రదేవుడు’గా ఏలుతున్న రోజుల్లోనే, ఇక్కడ ఒక సామంతుడి ఇల్లాలు తన ఆడపేరుతోనే రాతికెక్కింది.

గన్నారెడ్డి సేనాని విఠలుడు ఆదవాని, తుంబళం వంటి కోటలు గెలిచి, 1294లో రాయచూరు కోటను పటిష్ఠం చేశాడు. ఆ సంగతి చెప్పే రాయి పొడవు సుమారు 41 అడుగులు. దాన్ని బండి మీద లాగుకొస్తున్న బొమ్మ కూడా అక్కడే గోడ మీద చెక్కి ఉంది. అప్పటికి రాజు ప్రతాపరుద్రుడు. రుద్రమ చనిపోయి అయిదేళ్లయింది.

నవలలు, సినిమా

ఆ అయిదేళ్ల ఎడం అడివి బాపిరాజుకు (1895–1952) అడ్డు కాలేదు. ఆయన ‘గోన గన్నారెడ్డి’లో గన్నారెడ్డి రుద్రమ పాలన తొలినాళ్ల వీరుడు. బయటికి గజదొంగ, లోపల రాణికి అండ. ఆదవాని ప్రభువు కూతురు అన్నాంబికతో అతని ప్రేమ ఒకవైపు, రుద్రమకూ వీరభద్రుడికీ మధ్య ప్రేమ మరోవైపు సాగుతాయి. నోరి నరసింహశాస్త్రి కూడా ‘రుద్రమదేవి’ పేరుతో నవల రాశారు.

మగవేషం ఇలాంటి కథకు రెండు విధాల పనికొస్తుంది. రహస్యం బయటపడితే సింహాసనం పోతుందన్న భయం రాజకీయాన్ని నడిపిస్తుంది. ప్రేమించినవాడికి తానెవరో చెప్పలేని ఇరకాటం శృంగారాన్ని నడిపిస్తుంది. రెండు ముడులూ ఒక్క వేషంతోనే పడతాయి, అది తీస్తేనే విడతాయి. శాసనంలోని ‘రుద్రదేవ’ అన్న ఒక్క మాట కథకుడికి ఇంత దారి చూపింది.

గుణశేఖర్ సినిమా ‘రుద్రమదేవి’ 2015 అక్టోబరు 9న విడుదలైంది. పుట్టిన ఆడబిడ్డను మంత్రి శివదేవయ్య సలహా మీద కొడుకుగా చాటి పెంచడంతో కథ మొదలవుతుంది. అనుష్క రుద్రమగా, రానా వీరభద్రుడిగా నటించారు, సంగీతం ఇళయరాజాది. గన్నారెడ్డిగా అల్లు అర్జున్ తెలంగాణ యాసలో మాట్లాడాడు. వడ్డెమాన్ వీరుడి నోట తెర మీద ఈ ప్రాంతపు పలుకు అలా వినిపించింది.