ఎస్ప్రెస్సో యంత్రము (గృహ వినియోగము)

ఎస్ప్రెస్సో యంత్రము అనగా మెత్తగా విసిరిన కాఫీ పొడి గుండా వేడినీటిని అధిక పీడనముతో పంపి, చిక్కని కాఫీని అర నిమిషములోపు తయారుచేసే యంత్రము. ఇటలీలో పుట్టిన ఈ యంత్రము మొదట కాఫీ బార్లకు పరిమితమై, 20వ శతాబ్దపు ఉత్తరార్ధములో ఇళ్ళలోకి ప్రవేశించినది. గృహ వినియోగానికి లభించే యంత్రాలు స్థూలముగా రెండు విధాలు: మనిషి చేతితో నడిపేవి, స్వయంచాలకమైనవి. రెండింటిలోనూ శ్రమ ఉన్నది. చేతి యంత్రములో ఆ శ్రమ కాఫీ కప్పులో పడక ముందు ఉంటుంది. స్వయంచాలక యంత్రములో అది చాలావరకు కాఫీ తాగిన తరువాత, శుభ్రపరచడములో ఉంటుంది. ఎంపిక చేసుకొనేవారు రుచి, సమయము, ఖర్చులతో పాటు ఈ తేడాను కూడా తెలుసుకొనవలసి ఉన్నది.

పనిచేసే సూత్రము

దక్షిణ భారతదేశపు కాఫీ ఫిల్టరులో వేడినీరు తన బరువుతోనే పొడి గుండా బొట్టుబొట్టుగా దిగుతుంది. అందువలన డికాక్షన్ దిగడానికి చాలాసేపు పడుతుంది. ఎస్ప్రెస్సోలో నీటిని సుమారు 9 బార్ల పీడనముతో నెడతారు. ఒక బారు పీడనము ఇంచుమించు సముద్రమట్టము వద్ద ఉండే వాతావరణ పీడనానికి సమానము. 58 మిల్లీమీటర్ల వ్యాసము గల పొడి బిళ్ళపై 9 బార్ల పీడనము పడడము అంటే దానిపై సుమారు 240 కిలోల బరువు మోపినట్లు. ఈ ఒత్తిడికి కాఫీలోని నూనెలు సూక్ష్మ బిందువులై నీటిలో కలుస్తాయి. వేపుడులో గింజలో చేరిన బొగ్గుపులుసు వాయువు వెలువడి, పైన లేత గోధుమరంగు నురుగు ఏర్పడుతుంది. ఈ నురుగును క్రెమా అంటారు.

ఇటలీ జాతీయ ఎస్ప్రెస్సో సంస్థ నిర్దేశించిన ప్రమాణము ప్రకారము ఒక కప్పుకు సుమారు 7 గ్రాముల పొడి, 88 డిగ్రీల సెల్సియస్ నీరు, 9 బార్ల పీడనము, 25 సెకన్ల సమయము అవసరము. వచ్చే కాఫీ 25 మిల్లీలీటర్లు. నేడు ఇళ్ళలో 14 నుండి 18 గ్రాముల పొడితో రెండు కప్పుల పరిమాణము ఒకేసారి తీయడము సాధారణము.

నీరు మరీ త్వరగా దిగితే కాఫీ పలుచగా, పుల్లగా ఉంటుంది. మరీ ఆలస్యముగా దిగితే చేదెక్కుతుంది. దిగే వేగాన్ని ముఖ్యముగా మూడు అంశాలు నిర్ణయిస్తాయి: పొడి ఎంత మెత్తగా ఉన్నది, ఎంత పొడి వేశారు, దానిని ఎంత సమముగా అదిమారు. ఈ మూడింటిని మనిషి చూసుకొంటే అది చేతి యంత్రము, యంత్రమే చూసుకొంటే అది స్వయంచాలక యంత్రము.

చరిత్ర

1884లో ట్యూరిన్ నగరానికి చెందిన ఏంజెలో మొరియోండో ఆవిరి సహాయముతో కాఫీ తయారుచేసే యంత్రానికి పేటెంటు పొందాడు. 1901లో మిలాన్ నగరానికి చెందిన లుయిజీ బెజ్జెరా ఒక్కొక్క కప్పు విడివిడిగా తీసే పద్ధతికి రూపమిచ్చాడు. ఆ పేటెంటును కొనుగోలు చేసిన డెసిడెరియో పవోని 1905 నుండి యంత్రాలను ఉత్పత్తి చేయించాడు. ఇవన్నీ ఆవిరి పీడనముపై ఆధారపడినవి గనుక పీడనము 2 బార్లకు మించేది కాదు. నీరు అతిగా వేడెక్కి కాఫీ మాడు రుచి వచ్చేది.

అకిల్లే గాజ్జియా 1938లో ఆవిరితో పనిలేని పద్ధతికి పేటెంటు తీసుకొన్నాడు. 1940ల చివర ఆయన తెచ్చిన మీట యంత్రములో స్ప్రింగు బలముతో ముషలకము నీటిని నెట్టేది. క్రెమా కనిపించడము ఈ యంత్రాలతోనే మొదలైనది. 1961లో ఫాయెమా సంస్థ ఇ-61 అనే యంత్రములో మీటకు బదులు విద్యుత్ పంపును ప్రవేశపెట్టినది.

ఇళ్ళ కొరకు లా పవోని సంస్థ 1961లో యూరోపిక్కొలా అనే చిన్న మీట యంత్రాన్ని తెచ్చినది. 1985లో సేకో సంస్థ సూపర్‌ఆటోమాటికా అనే యంత్రాన్ని విడుదల చేసినది. గింజలను విసరడము మొదలు కాఫీని కప్పులో పోయడము వరకు అన్నీ తానే చేసే గృహ యంత్రాలలో ఇది తొలి తరానికి చెందినది.

రకాలు

* మీట యంత్రాలు: నీటిని నెట్టే బలము మనిషి చేతి నుండి గాని, చేతితో బిగించిన స్ప్రింగు నుండి గాని వస్తుంది. ఫ్లెయిర్, రోక్ వంటి చిన్న పరికరాలకు విద్యుత్తు అవసరము లేదు. వేడినీరు విడిగా కాచి పోస్తే చాలును.
* అర్ధ స్వయంచాలక యంత్రాలు: నీటిని పంపు నెడుతుంది. పొడి వేయడము, అదమడము, పంపును ఆపడము మనిషి పని. నేడు మార్కెట్లో చేతి యంత్రము అని చెప్పేవి ఎక్కువగా ఈ రకమే.
* స్వయంచాలక యంత్రాలు: నీటి పరిమాణాన్ని కొలిచి పంపు దానంతట అదే ఆగుతుంది. మిగిలినదంతా పై రకము వలెనే.
* పూర్తి స్వయంచాలక యంత్రాలు: మీట నొక్కగానే గింజలను విసరి, అదిమి, కాఫీ తీసి, పిప్పిని లోపలి డబ్బాలో పడవేస్తాయి. వ్యవహారములో ఆటోమేటిక్ అంటే ఎక్కువమంది ఉద్దేశము ఇదే. ఈ వ్యాసములో ఇకపై స్వయంచాలక యంత్రము అన్నచోట ఈ రకమునే గ్రహించవలెను.

గుళికలతో పనిచేసే యంత్రాలు వేరే తరగతికి చెందుతాయి. వాటిలో పొడి ముందుగానే మూసి ఉంటుంది కనుక వినియోగదారుకు ఎంపిక స్వల్పము.

పోలిక

రుచి: చేతి యంత్రములో పొడి పరిమాణాన్ని, నూకను, సమయాన్ని గింజకు తగినట్లు మార్చుకొనవచ్చును. తెలిసినవారి చేతిలో దాని కాఫీ మరింత చిక్కగా ఉంటుంది. తెలియనివారి చేతిలో అదే యంత్రము ఒకనాడు పులుపు, మరునాడు చేదు కాఫీని ఇస్తుంది. స్వయంచాలక యంత్రము సాధారణముగా తక్కువ పొడి వాడుతుంది, మరీ మెత్తగా విసరదు. అందువలన కాఫీ కొంత పలుచగా ఉన్నా రోజూ ఒకే తీరుగా వస్తుంది.

సమయము: స్వయంచాలక యంత్రము సుమారు ఒక నిమిషములో వేడెక్కి, మరొక నిమిషములో కాఫీని ఇస్తుంది. బరువైన ఇత్తడి భాగాలు గల చేతి యంత్రము పూర్తిగా వేడెక్కడానికి 15 నుండి 30 నిమిషాలు పట్టవచ్చును. ఆ తరువాత విసరడము, తూచడము, అదమడము, తీయడము, కడగడము కలిపి ఒక్కొక్క కప్పుకు కొన్ని నిమిషాలు అవసరము.

ఖర్చు: స్వయంచాలక యంత్రము ధరలో గ్రైండరు కలిసి ఉంటుంది. చేతి యంత్రాలలో చాలావాటికి అది విడిగా కొనవలసినదే. మిక్సీలో కొట్టిన పొడి ఎస్ప్రెస్సోకు పనికిరాదు. మిక్సీ బ్లేడు గింజలను ముక్కలు చేస్తుంది గాని ఒకే పరిమాణములో విసరదు. నూక పెద్దగా ఉన్నచోట నీరు దారి చేసుకొని పారిపోతుంది. తిరగలి వలె రెండు పళ్ళ చక్రాల మధ్య గింజను నలిపే గ్రైండరు కావలెను. యంత్రానికి మొత్తము డబ్బు ఖర్చుచేసి గ్రైండరును మరచిపోవడము కొత్తవారు చేసే పొరపాట్లలో ముఖ్యమైనది. పొడి వాడకములోను తేడా ఉన్నది. రోజుకు రెండుసార్లు 16 గ్రాముల చొప్పున వాడితే నెలకు 960 గ్రాములు, 10 గ్రాముల చొప్పున వాడితే 600 గ్రాములు అవుతుంది.

శుభ్రత: చేతి యంత్రములో కాఫీ తీసిన వెంటనే పిప్పిని తట్టి పారవేసి, జల్లెడను కడిగితే రోజువారీ పని పూర్తయినట్లే. స్వయంచాలక యంత్రములో తడి పిప్పి లోపలి డబ్బాలో నిలవ ఉంటుంది. వేడి ప్రాంతాలలో రెండు మూడు రోజులు వదిలివేస్తే బూజు పట్టవచ్చును. లోపలి కాఫీ తీసే భాగము కొన్ని నమూనాలలో బయటికి తీసి కడగడానికి వీలుగా ఉంటుంది. మరికొన్నింటిలో అది తీయరాదు, బిళ్ళలు వేసి యంత్రము చేతనే కడిగించవలెను. పాలు పీల్చే గొట్టాలను ప్రతిరోజు కడగకపోతే లోపల పాలు విరిగి వాసన పడతాయి.

మరమ్మతు: అర్ధ స్వయంచాలక యంత్రములో ముఖ్యమైనవి పంపు, నీరు కాచే పాత్ర, స్విచ్చులు, రబ్బరు వలయాలు. భాగాలు తక్కువ గనుక విడిభాగము దొరికితే బాగుచేయడము సులభము. స్వయంచాలక యంత్రములో మోటార్లు, సెన్సార్లు, ఎలక్ట్రానిక్ పలక ఉంటాయి. వాటిని ఆ సంస్థ సేవాకేంద్రము వారే సరిచేయవలసి ఉంటుంది. కొనబోయే ఊరిలో అటువంటి కేంద్రము ఉన్నదో లేదో ముందుగా విచారించుకొనడము అవసరము.

నీటి ప్రభావము

ఏ రకము యంత్రమైనా ఎక్కువగా పాడయ్యేది నీటి వలన. కఠిన జలములోని కాల్షియము లవణాలు వేడికి సున్నపు పొరగా పేరుకొని సన్నని దారులను మూసివేస్తాయి. బోరు నీరు వాడే ఇళ్ళలో ఈ సమస్య అధికము. నిమ్మ ఉప్పు ద్రావణముతో గాని, తయారీదారు సూచించిన ద్రావణముతో గాని నియమిత కాలానికి పొరను కరిగించవలెను. స్వయంచాలక యంత్రము ఈ సమయాన్ని దీపముతో గుర్తుచేస్తుంది. చేతి యంత్రములో యజమానియే గుర్తుంచుకొనవలెను.

లవణాలు దాదాపుగా లేని ఆర్.ఓ. నీరు కూడ అన్నివేళలా మంచిది కాదు. అటువంటి నీటితో కాఫీ చప్పగా ఉంటుంది. నీటి విద్యుద్వాహకతను బట్టి మట్టాన్ని గుర్తించే యంత్రాలు పాత్ర నిండినదని తెలుసుకొనలేకపోవచ్చును. మధ్యస్థముగా లవణాలు గల నీరు ఉత్తమము.

తెలుగు ప్రాంతాల పరిస్థితులు

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకు ప్రాంతములో గిరిజన రైతులు పండించే అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. భారతదేశపు కాఫీలో అధిక భాగము ఎగుమతి అవుతుండగా, దానిని కొనే దేశాలలో ఇటలీ ముందున్నది. భారతీయ రోబస్టా చిక్కదనానికి, క్రెమాకు పేరుపొంది ఇటలీ మిశ్రమాలలో వాడబడుచున్నది.

ఇళ్ళలో వాడే చికోరీ కలిపిన పొడి ఫిల్టరు కొరకు సిద్ధము చేసినది. అది ఎస్ప్రెస్సోకు తగిన నూకగా ఉండదు. స్వయంచాలక యంత్రాలలో గింజల గిన్నెలో పొడి పోయరాదు. కొన్నింటిలో ఒక్క కప్పుకు సరిపడే పొడి వేయడానికి వేరే ద్వారము ఉంటుంది. దానిలో ఇన్‌స్టంట్ కాఫీ వేస్తే జిగురుగా అంటుకొని దారి మూసుకొనిపోతుంది. నూనె తేలేటట్లు నల్లగా వేచిన గింజలు కూడ ఈ యంత్రాల గ్రైండరులో అతుక్కొంటాయి.

అమెరికాలో నివసించి తిరిగివచ్చే కుటుంబాలు అక్కడి యంత్రాన్ని వెంట తెచ్చుకొనే ముందు ఒక విషయము గమనించవలెను. అమెరికాలో గృహ విద్యుత్తు 120 వోల్టులు, 60 హెర్ట్జులు. భారతదేశములో 230 వోల్టులు, 50 హెర్ట్జులు. ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజిని తగ్గిస్తుంది గాని పౌనఃపున్యాన్ని మార్చదు. గృహ యంత్రాలలోని కంపన పంపు పౌనఃపున్యాన్ని బట్టి కొట్టుకొంటుంది. కనుక సెకనుకు 60 సార్లకు బదులు 50 సార్లే కొట్టుకొని నీరు తక్కువగా వస్తుంది. పైగా యంత్రము 1300 వాట్లు వాడేదైతే ట్రాన్స్‌ఫార్మరు అంతకు మించిన సామర్థ్యము గలదై ఉండవలెను.

ఎంపికలో గమనించవలసినవి

* ఇంట్లో పలువురు వేర్వేరు సమయాలలో కాఫీ తాగేటట్లయితే, యంత్రము గురించి నేర్చుకొనే ఆసక్తి ఒక్కరికే ఉంటే, స్వయంచాలక యంత్రము అనుకూలము. చేతి యంత్రము కొంటే ఆ ఒక్కరే అందరికీ కాఫీ తీయవలసి వస్తుంది.
* ఒకరిద్దరే తాగేవారై, గింజలను మార్చి రుచి చూడాలనే అభిరుచి ఉంటే చేతి యంత్రము తగినది. మొదటి కొన్ని వారాలు కొంత కాఫీ వృథా అవుతుందని తెలిసి కొనవలెను.
* మణికట్టు, భుజము నొప్పులు గలవారికి, చేతులు వణికే వృద్ధులకు పొడి అదమడము, పోర్టాఫిల్టరును బిగించడము కష్టము. కాఫీ దిగుతుండగా దానిని విప్పితే వేడి పొడి పైకి చిమ్మి చేతులు కాలే ప్రమాదము కలదు.
* ప్రకటనలలో 15 బార్లు అని వ్రాసి ఉన్నంత మాత్రాన కాఫీ మెరుగు కాదు. అది పంపు గరిష్ఠ శక్తి మాత్రమే. కాఫీకి కావలసినది సుమారు 9 బార్లు.
* చౌక యంత్రాలలో రెండు పొరల జల్లెడ ఉంటుంది. అడుగున ఒకే సన్నని రంధ్రము ద్వారా కాఫీ చిమ్మడము వలన పాత పొడితో కూడ నురుగు వస్తుంది. ఈ నురుగును చూసి రుచిని అంచనా వేయరాదు.
* పాలు కలిపి తాగేవారు పాల ఏర్పాటును ముందుగా చూడవలెను. చేతి యంత్రపు ఆవిరి గొట్టముతో పాలను 60 నుండి 65 డిగ్రీల వరకు వేడిచేసి సన్నని నురుగు తీయవచ్చును. స్వయంచాలక యంత్రపు నురుగు సాధారణముగా ముతకగా ఉంటుంది, కాని నేర్పుతో పనిలేదు.

రోజూ చేయవలసిన పనిని ఇంట్లో ఎవరు చేస్తారో ముందే నిర్ణయించుకొన్న కుటుంబానికి రెండు రకాలలో ఏదైనా చాలాకాలము ఉపయోగపడుతుంది. ఆ నిర్ణయము లేకుండా కొన్న యంత్రము, ఎంత ఖరీదైనదైనా, వంటింటి అరుగు మీద దుమ్ము పట్టి, పాత ఇత్తడి ఫిల్టరే మళ్ళీ పొయ్యి దగ్గరకు చేరుతుంది.

ఇవి కూడా చూడండి

* కాఫీ
* ఫిల్టర్ కాఫీ
* అరకు లోయ
* కఠిన జలము