పనిముట్టు లైసెన్సు, ఫలితంపై హక్కు: బైసన్ అనుమతుల చరిత్ర

ప్రవేశిక:

సాఫ్ట్‌వేర్‌లోని ప్రతి ఫైలునూ మనిషే రాయడు. కొన్నింటిని పనిముట్లు తయారుచేస్తాయి. అటువంటి ఫైలును పంపిణీ చేసేటప్పుడు ఆ పనిముట్టు లైసెన్సు దానికి వర్తిస్తుందా అన్న ప్రశ్న తలెత్తుతుంది. గ్నూ ప్రాజెక్టులోని ‘బైసన్’ చరిత్ర ఈ ప్రశ్నకు సమాధానం రూపొందిన క్రమాన్ని స్పష్టం చేస్తుంది.

సమస్య స్వరూపం:

బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ రూపొందించిన ‘యాక్’ చేసే పనినే బైసన్ కూడా చేస్తుంది. ప్రోగ్రామర్ ఇచ్చిన వ్యాకరణ సూత్రాల నుంచి, ఆ సూత్రాల ప్రకారం వాక్యాలను విశ్లేషించే ‘పార్సర్’ను సృష్టిస్తుంది. ఈ పార్సర్‌లో ప్రోగ్రామర్ సూత్రాల నుంచి పుట్టిన పట్టికలతో పాటు బైసన్ సొంత చట్రం కూడా యథాతథంగా చేరుతుంది. చిక్కు ఇక్కడే ఉంది. 1991 నాటి జనరల్ పబ్లిక్ లైసెన్సు రెండవ కూర్పు ప్రకారం, ప్రోగ్రాము ఇచ్చే ఫలితంలోని విషయం ఆ ప్రోగ్రాముపై ఆధారపడిన రచన అయినప్పుడు మాత్రమే దానికి లైసెన్సు వర్తిస్తుంది. చట్రం చేరినందువల్ల బైసన్ ఫలితం ఆ పరిధిలోకి వచ్చింది.

అనుమతుల పరిణామం:

1.24 కూర్పుకు ముందు బైసన్ పార్సర్లను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లోనే వాడవలసి వచ్చేది. గ్నూ సి కంపైలర్‌కు అటువంటి నిబంధన లేదు. బైసన్‌కు ప్రత్యేక విధానమేదీ నిర్ణయించలేదని, మూలసంకేతం మొత్తానికి సాధారణ లైసెన్సునే వర్తింపజేయడం వల్ల ఈ తేడా ఏర్పడిందని బైసన్ కరదీపిక వివరిస్తుంది. ఆ ఆంక్ష ఇతరులను తమ ప్రోగ్రాములను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా మార్చుకొనేలా ప్రోత్సహించలేదనీ అందులోనే ఉంది. 1.24లో సి భాషలోని ఎల్ఏఎల్ఆర్(1) పార్సర్లకు మినహాయింపు లభించింది. 2006లో వెలువడిన 2.2 కూర్పు దానిని ఇతర పార్సర్లకూ విస్తరించింది. అయితే చట్రాన్ని తీసుకొని మరో పార్సర్ జనకాన్ని నిర్మించేవారికి ఈ అనుమతి వర్తించదు.

2009లో ‘ఆటోకాన్ఫ్’ తయారుచేసే కాన్ఫిగర్ లిపులకూ, గ్నూ కంపైలర్ జతచేసే గ్రంథాలయాలకూ మూడవ కూర్పు లైసెన్సుకు అనుబంధంగా ఇటువంటి మినహాయింపులే వెలువడ్డాయి. యాజమాన్య ప్లగిన్లతో కంపైలర్ మధ్యస్థ రూపాన్ని మార్చి తయారుచేసిన ప్రోగ్రాములకు రెండవది వర్తించదు.

ముగింపు:

పనిముట్టును వాడినంత మాత్రాన ఫలితంపై దాని రచయితకు హక్కు రాదు. పనిముట్టులోని రచన ఫలితంలోకి చేరినప్పుడే లైసెన్సు ప్రశ్న పుడుతుంది. మినహాయింపు ఆ హక్కును రద్దు చేయదు, దాని హద్దును నిర్ణయిస్తుంది. కాబట్టి జనిత ఫైలును పంపిణీ చేసేవారు పనిముట్టు లైసెన్సుతో పాటు ఆ ఫైలు శీర్షభాగంలోని అనుమతినీ చదవడం అవసరం.